జింకు రేకు మీద నిలిచిన గీత

పాత వారపత్రికలో బొమ్మ కింది సంతకాన్ని వేలితో మూసేసినా ఇది బాపు బొమ్మేనని తెలుగు పాఠకుడు ఇట్టే చెప్పేస్తాడు. 'యువ' మాసపత్రిక ముఖచిత్రం గదికి ఆ మూల ఉన్నా అది వడ్డాది పాపయ్యదని తెలిసిపోతుంది. భుజాన శవం, చేతిలో కత్తి, చుట్టూ పుర్రెలు, వంకర తిరిగిన చెట్టు కనబడితే చాలు, 'చందమామ' శంకర్ గుర్తొస్తారు. ఎలా గుర్తుపట్టారని అడిగితే మాత్రం జవాబు "ఆ కళ్ళు", "ఆ జడ", "ఆ రంగులు" దగ్గరే ఆగిపోతుంది. ఆ కళ్ళనూ జడనూ అచ్చంగా దించినవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళ బొమ్మలు బాపు బొమ్మలు కాలేదు. అంటే శైలి ఉన్నది కంటి ఆకారంలోనో, ముక్కు కొనలోనో కాదు.

ఈ ముగ్గురి బొమ్మలూ ఫ్రేములో బిగించి గోడకు తగిలించడానికి వేసినవి కావు. బ్లాకుగా, అంటే అచ్చు దిమ్మగా మారి, చవక కాగితం మీద వేల ప్రతులుగా అచ్చయి, రైల్లోనో అరుగు మీదో చదివేవాళ్ళ చేతికి చేరడానికి వేసినవి. ఆనాటి అచ్చు కొన్నిటిని మాత్రమే మోయగలిగేది. మిగతావన్నీ యాసిడ్‌లోనో, ఇంకులోనో, కాగితం పీచులోనో పోయేవి. ఏది పోతుందో తెలిసి, పోనిదాన్ని మాత్రమే గీయడం దగ్గర ఈ శైలుల రహస్యం ఉంది. అందుకే బొమ్మ కంటే ముందు బ్లాకు సంగతి చూడాలి.

లైన్ బ్లాకు అంటే ఏమిటి

ఫిల్ము నుంచి పలుచటి ప్లేటు చేసి అచ్చువేసే ఆఫ్‌సెట్ రాకముందు పత్రికలో నలుపు తెలుపు గీతల బొమ్మ పడాలంటే దారి లైన్ బ్లాకే. చిత్రకారుడు తెల్లటి గట్టి అట్ట మీద ఇండియన్ ఇంకుతో బొమ్మ గీసి ఇస్తాడు. బ్లాకు మేకరు దాన్ని పెద్ద ప్రాసెస్ కెమెరా ముందు బిగించి, కావలసిన కొలతకు తగ్గించి నెగటివ్ తీస్తాడు. వెలుగు తగిలితే గట్టిపడే పూత పూసిన జింకు రేకు మీద ఆ నెగటివ్‌ను పెట్టి వెలుతురు చూపిస్తాడు. గీత ఉన్నచోట పూత గట్టిపడుతుంది. మిగతా చోట కడిగితే పోతుంది. తర్వాత రేకును నత్రికామ్లంలో ముంచితే పూత లేని భాగం కరిగి పల్లమవుతుంది, గీత ఒక్కటే మెట్టగా నిలుస్తుంది. ఆ రేకును చెక్క దిమ్మకు మేకులతో కొట్టి, సీసపు అక్షరం ఎత్తుకు, అంటే 0.918 అంగుళాలకు సరిచేస్తే అది కంపోజు చేసిన అక్షరాల పక్కన ఫారంలో, అంటే అచ్చుకు బిగించే పేజీ చట్రంలో కూర్చుంటుంది. అక్షరాలతో పాటే ఇంకు పట్టి, అక్షరాలతో పాటే అచ్చవుతుంది.

ఈ పద్ధతిలో బూడిద రంగుకు చోటు లేదు. రేకు మీద మెట్ట ఉంటే నలుపు, పల్లం ఉంటే తెలుపు, మధ్యలో ఏమీ లేదు. ఇంకులో నీళ్ళు కలిపి లేత ఛాయ వేస్తే కెమెరా దాన్ని సగం నలుపుగా, సగం తెలుపుగా తీసుకుంటుంది. బ్లాకు మీద ఆ చోటు చెదలు కొట్టినట్టు అక్కడక్కడా తెగిపోతుంది. గీత కూడా మొదటి నుంచి చివరి దాకా చిక్కటి నలుపుతో ఉండాలి. కుంచెలో ఇంకు అయిపోతున్నప్పుడు వచ్చే పొడి గీత అట్ట మీద ఎంత అందంగా ఉన్నా, తగ్గించి అచ్చేశాక మురికి మరకలా కనబడే ప్రమాదం ఉంది.

యాసిడ్‌తో ఇంకో చిక్కు. అది కిందికే కాదు, పక్కలకూ తింటుంది. గీత ఒడ్డుల కిందకు చొరబడితే సన్న గీత పునాది కోల్పోయి మధ్యలో విరుగుతుంది. దీన్ని ఆపడానికి రేకును కొంచెం తినిపించి బయటకు తీసి, డ్రాగన్స్ బ్లడ్ అనే ఎర్రటి గుగ్గిలపు పొడిని గీతల ఒడ్డుకు కుంచెతో అద్ది, వేడిచేసి కరిగించి, మళ్ళీ యాసిడ్‌లో వేసేవారు. నాలుగు దిక్కుల నుంచీ ఇదే పని. ఆ ఓపిక లేని బ్లాకు మేకరు చేతిలో పడితే ఎంత గొప్ప గీతయినా కుంటేది.

అచ్చు యంత్రం ఎక్కాక సమస్య తిరగబడుతుంది. అక్కడ గీత లావెక్కుతుంది. న్యూస్‌ప్రింట్ పీచు కాగితం, ఇంకును పీల్చి పక్కలకు పాకిస్తుంది. రోలరు ఒత్తిడికి ఇంకు గీత అంచుల బయటకు నలుగుతుంది. దగ్గర దగ్గరగా గీసిన అడ్డగీతలు కలిసిపోయి నల్లటి ముద్దవుతాయి. అందుకే ఆ పని తెలిసినవాళ్ళు రెండు గీతల మధ్య తెలుపును గీత మందం కంటే తగ్గనివ్వరు, వీలైతే రెట్టింపు ఉంచుతారు. బొమ్మను అచ్చు కొలతకు ఒకటిన్నర రెట్లో, రెండు రెట్లో పెద్దగా గీస్తారు. నాలుగు అంగుళాల బొమ్మకు ఆరు అంగుళాల్లో గీస్తే చేతి వణుకు, అంచు గరుకు తగ్గింపులో కలిసిపోతాయి. కానీ గీతా తగ్గుతుంది: అట్ట మీద అర మిల్లీమీటరు ఉన్నది అచ్చులో మిల్లీమీటరులో మూడో వంతుకు వస్తుంది. బొమ్మను పెద్దగా గీసి, గీతను మాత్రం అచ్చులో చూసే కొలతకే సన్నగా గీసినవాళ్ళ పని అక్కడే చెడుతుంది.

పెన్సిలు విషయంలో ఒక వెసులుబాటు ఉండేది. ప్రాసెస్ కెమెరా ఫిల్ముకు లేత నీలం తెలుపుతో సమానం, ఎరుపు నలుపుతో సమానం. అందుకని లేత నీలం పెన్సిలుతో నమూనా వేసుకుని, దాన్ని చెరపకుండానే మీద ఇంకు గీసుకోవచ్చు. రబ్బరుతో రుద్దితే ఇంకు నలుపు పలచబడుతుంది కాబట్టి ఇది చిన్న లాభం కాదు. తప్పు పడితే తెల్లటి పోస్టరు రంగుతో కప్పేసేవారు. పాత అసలు బొమ్మల్లో ఆ తెల్ల అతుకులు ఇప్పటికీ కనిపిస్తాయి.

బాపు ఏం వదిలేశారు

సత్తిరాజు లక్ష్మీనారాయణ, అంటే బాపు (1933–2014), మద్రాసులో లా చదివి 1950ల నడుమ 'ఆంధ్రపత్రిక'లో కార్టూనిస్టుగా చేరారు. అప్పటికి పత్రికల్లో కథల బొమ్మలు ఎక్కువగా ఫొటోను అనుకరించే తీరులో ఉండేవి. ముఖానికి వెలుగునీడలు, చీరకు మడతలు, గోడకు నీడ, అన్నీ అడ్డగీతలతో నింపేవారు. అచ్చులో ఆ నింపుడంతా పూడిపోయి మనుషులు మసిబారేవారు. బాపు బొమ్మ అదే న్యూస్‌ప్రింట్ మీద అప్పుడే కడిగినట్టు ఉండేది. వెలుగునీడల్ని దాదాపు పూర్తిగా వదిలేయడమే దానికి కారణం.

ఛాయ లేకుండా శరీరానికి గుండ్రదనం ఎలా వస్తుంది? గీత లావు సన్నం వల్ల వస్తుంది. బాపు గీత భుజం దగ్గర సన్నగా మొదలై, బరువు మోసే నడుము దగ్గర లావెక్కి, మళ్ళీ సన్నబడి, పాదం చేరకముందే ఆగిపోతుంది. ఎక్కడ ఒత్తిడి పెరిగిందో అక్కడ కన్ను బరువును చూస్తుంది. ఎక్కడ గీత తెగిపోయిందో అక్కడ వెలుగును చూస్తుంది. చెంప దగ్గర గీత అసలు లేకపోతే ఎండ పడుతున్నట్టు లెక్క. చూసేవాళ్ళ కన్నే ఆ ఖాళీని పూడ్చుకుంటుంది. తెగిన గీతను బ్లాకు మేకరు చెడగొట్టలేడు, పీచు కాగితం పూడ్చలేదు. అచ్చు బలహీనతకు ఇంతకంటే చక్కని విరుగుడు మరొకటి లేదు.

రెండో ఎత్తు నల్లటి ముద్ద. బాపు బొమ్మలో జుట్టు చాలాసార్లు మొత్తం నలుపే. జడ, కొప్పు, రవిక, చీర అంచు, వీటిలో ఒకటో రెండో గట్టి నలుపుతో నిండి ఉంటాయి. లైన్ బ్లాకు బాగా మోయగలిగేది అదొక్కటే: గట్టి నలుపు. ఆ నలుపు బొమ్మకు లంగరు. పక్కన ఉన్న రెండు మూడు సన్న గీతలు దాని బలంతోనే నిలబడతాయి. ఆ నల్ల జడను తెల్లకాగితంతో మూసి చూస్తే మిగతా బొమ్మ గాలికి ఎగిరిపోయేలా ఉంటుంది. అనుకరించేవాళ్ళు ఎక్కువగా తప్పేది ఇక్కడే. వాళ్ళు జడలో వెంట్రుకలన్నీ గీస్తారు.

మూడోది నేపథ్యం. పల్లెటూరు కావాలంటే పల్లెటూరంతా గీయరు. నులకమంచం కోడు ఒకటి, లేదా బిందె, లేదా తులసికోట అంచు. మిగతాది తెల్లకాగితం. కథ పేజీలో బొమ్మ చుట్టూ అక్షరాలు ఉంటాయి కాబట్టి ఈ ఖాళీ విలువ రెట్టింపు. సీసపు అక్షరాల గుబురు మధ్య బొమ్మకు ఊపిరాడేది ఆ తెలుపు వల్లే. 'బుడుగు' బొమ్మల్ని చూడండి: నేల గీత కూడా లేని చోట్ల పిల్లవాడు నిలబడ్డ తీరు వల్లే నేల తెలుస్తుంది.

బాపు ఛందస్సును చేతితో తెలుసుకోవాలనుకునే విద్యార్థి ఒక వరస పాటించవచ్చు. ఏదైనా పక్కనుంచి తీసిన మనిషి ఫొటో తీసుకుని, ముందు అందులో అన్నిటికంటే నల్లగా ఉన్న ఆకారం ఒక్కటి ఎంచుకోవాలి. దాన్ని గీతలు లేకుండా ముద్దగా నింపాలి. తర్వాత మెడ నుంచి నడుము దాకా ఒకే గీత, ఒకే ఊపిరిలో, మణికట్టుతో కాకుండా భుజంతో లాగాలి. పాళీ అయితే ఒత్తితే విచ్చుకునేది, కుంచె అయితే 2 లేదా 3 నంబరు గుండ్రటిది. బాల్‌పెన్ను, డాటు పెన్ను పనికిరావు, అవి ఎంత ఒత్తినా ఒకే మందం ఇస్తాయి. గీత పూర్తయ్యాక అందులో వెలుగు పడేచోట తెలుపు అద్ది తెంపి చూడాలి. ఎన్ని చోట్ల తెంపినా మనిషి మనిషిలాగే ఉంటే ఇంకా తెంపవచ్చని అర్థం. మనిషి చెదిరిన చోట ఒక అడుగు వెనక్కి రావాలి. పెన్సిలుతో అన్నీ వివరంగా గీసుకుని, దాని మీద ఇంకు దిద్దితే మాత్రం గీత చచ్చిపోతుంది. దిద్దే చెయ్యి పెన్సిలు గీత తప్పకూడదన్న భయంతో నెమ్మదిస్తుంది, నెమ్మదించిన చెయ్యి వణుకుతుంది. నీలం పెన్సిలుతో స్థానాలు గుర్తుపెట్టుకుంటే చాలు, ఆకారం ఇంకుతోనే పుట్టాలి. ఇండియన్ ఇంకులో లక్క ఉంటుంది కనుక కుంచెను ప్రతి పది నిమిషాలకోసారి కడగాలి. వెంట్రుకల మొదళ్ళలో ఎండిన ఇంకు వాటిని విడదీసిందంటే ఆ కుంచె మళ్ళీ కొన తేలదు.

బాపు అక్షరం గురించి విడిగా చెప్పాలి. తెలుగు సీసపు అక్షరాల్లో ఒత్తులూ గుణింతాలూ కలిపి ఒక్కో సైజుకు వందల ముక్కలు కావాలి. అందువల్ల ప్రెస్సుల దగ్గర అక్షరాల తీరులు తక్కువే ఉండేవి. శీర్షికకు కొత్తదనం కావాలంటే చేత్తో రాసి బ్లాకు చేయించుకోవడమే దారి. బాపు రాసిన శీర్షికల్లో తలకట్టు ఒక చిన్న విసురు. అక్షరాలు ఒకే గీత మీద కూర్చోవు, కొన్ని పక్కకు ఒరిగి పక్కవాటి మీద చెయ్యి వేసినట్టు ఉంటాయి. ఒత్తు కిందికి జారినప్పుడు పై అక్షరం కొంచెం జరిగి చోటిస్తుంది. బొమ్మలోని లావు సన్నమే అక్షరంలోనూ ఉంటుంది కాబట్టి శీర్షిక, బొమ్మ ఒకే చేతి పనిగా కలిసిపోతాయి. ఆ రాత తర్వాత కంప్యూటర్ ఫాంటుగా వచ్చి పెళ్ళి శుభలేఖల దాకా పాకింది. చేతిరాతకూ ఫాంటుకూ తేడా పట్టుకోవడం తేలిక: ఒకే మాటలో 'ల' రెండుసార్లు వస్తే చేతిరాతలో రెండూ కవలలు కావు, ఫాంటులో అచ్చుగుద్దినట్టు ఒకటే. ఫాంటు వాడి శీర్షిక పెట్టేవాళ్ళు కనీసం మళ్ళీ వచ్చిన అక్షరాన్ని రెండు డిగ్రీలు వంచి, కొద్దిగా పైకో కిందికో జరిపితే ఆ యాంత్రికత చాలావరకు పోతుంది.

వపా రంగు, మూడు బ్లాకుల లెక్క

వడ్డాది పాపయ్య (1921–1992) శ్రీకాకుళంలో పుట్టారు. డ్రాయింగ్ మాస్టరుగా పనిచేశారు. 'వపా' అన్న రెండక్షరాల సంతకంతో 'చందమామ', 'యువ' ముఖచిత్రాల ద్వారా ఇంటింటికీ తెలిశారు. ఆయనకు ఎదురైన సమస్య బాపుది కాదు. ముఖచిత్రం రంగుల్లో పడుతుంది కాబట్టి అక్కడ లైన్ బ్లాకు కాదు, హాఫ్‌టోన్ కావాలి.

హాఫ్‌టోన్‌లో బొమ్మను సన్నటి గళ్ళ తెర గుండా ఫొటో తీస్తారు. ఛాయలన్నీ చుక్కలుగా మారతాయి. పెద్ద చుక్క ముదురు, చిన్న చుక్క లేత. దినపత్రిక న్యూస్‌ప్రింట్‌కు అంగుళానికి 55 నుంచి 65 చుక్కల తెర. నున్నటి ఆర్ట్ పేపరుకు 133 దాకా పోవచ్చు. పావు అంగుళం వెడల్పున్న కన్నును 65 తెరతో అచ్చువేస్తే అడ్డంగా పదహారు చుక్కలే వస్తాయి. కనుపాప, రెప్ప, కాటుక, వెలుగు మెరుపు అన్నీ ఆ పదహారు చుక్కల్లో ఇమడాలి. 133 తెరతో ముప్పై మూడు చుక్కలు దొరుకుతాయి. ముఖచిత్రాన్ని లోపలి కాగితం కంటే మేలురకం కాగితం మీద వేయడానికి అసలు కారణం ఈ లెక్కే. రంగుకు పసుపు, ఎరుపు, నీలం మూడు బ్లాకులు, తరచుగా నలుపుతో కలిపి నాలుగు. ఒక్కో బ్లాకుకు తెరను ఒక్కో కోణంలో తిప్పాలి, లేకపోతే చుక్కలు ఒకదానితో ఒకటి చిక్కుపడి పట్టుచీర నీటి అలల్లాంటి మచ్చలు తేలతాయి. కాగితం ఒక్కో రంగుకూ ఒక్కోసారి యంత్రం ఎక్కుతుంది. ఈ మధ్యలో గాలి తేమకు కాగితం కొంచెం సాగినా మూడో రంగు జరిగి కూర్చుంటుంది. పెదవి ఎరుపు పెదవి దాటి చెంప మీద పడేది అందుకే.

ఈ నేపథ్యంలో వపా బొమ్మ చూస్తే ఎంత తెలివైన పనో అర్థమవుతుంది. ఆయన ఆకారాలకు చాలాచోట్ల గట్టి అంచు ఉండదు. కొంగు నేపథ్యంలోకి కరుగుతుంది, జుట్టు పొగమంచులో కలుస్తుంది, పూలు దూరం పోతున్నకొద్దీ రంగు మచ్చలవుతాయి. అంచు మెత్తగా ఉన్నచోట రంగు వెంట్రుకవాసి జరిగినా కన్ను పట్టుకోదు. కన్ను ఆగేది ముఖం దగ్గర, వేళ్ళ దగ్గర, నగల దగ్గర. అంచు గట్టిగా ఉన్నవి అవే. అంటే అచ్చు పొరపాటును భరించగల చోటు ఎక్కువ, భరించలేని చోటు తక్కువ. ఇది వపా అచ్చు కోసమే చేశారా, నీటిరంగు స్వభావం వల్ల వచ్చిందా అంటే రెండూ ఒకదానికొకటి కలిసొచ్చాయనడమే సబబు.

నీటిరంగులో తెలుపు అంటే కాగితమే. మెరుపు ఎక్కడ ఉండాలో ముందే నిర్ణయించుకుని ఆ చోటు వదిలేయాలి, తర్వాత తెచ్చుకోలేం. లేత పొర వేసి, పూర్తిగా ఆరాక దాని మీద రెండో పొర, ఆపైన మూడోది. కింది పొర తడిగా ఉండగా మీది పొర వేస్తే కింది రంగు లేచిపోయి బురదవుతుంది. సగం ఆరిన పొర మీద నీటి చుక్క పడితే క్యాబేజీ ఆకు అంచులాంటి మరక తేలి ఇక పోదు. ఒకే చోట మూడుకు మించి రంగులు కలిపితే మెరుపు చచ్చి మట్టిరంగు మిగులుతుంది. వపా బొమ్మల్లో ఊదా, గులాబీ, నెమలికంఠం ఆకుపచ్చ ఒకదాని పక్కన ఒకటి కలవకుండా మెరుస్తాయి. ఒంటి రంగులో కూడా నీడ వైపు గోధుమరంగుకు బదులు ఊదానో నీలమో కనిపిస్తుంది. ఆ వెలుగుకు కారణం రంగుల్ని పళ్ళెంలో కలపకుండా కాగితం మీద పొరలుగా పక్కపక్కన పెట్టడం.

ఆయన స్త్రీమూర్తుల నిలువు గమనించదగ్గది. తల ఒక వైపు, నడుము ఇంకోవైపు, మోకాలు మళ్ళీ మొదటి వైపు వంగే త్రిభంగి మన గుడి శిల్పాల నుంచి వచ్చిందే. వపా దాన్ని రాతి బరువు లేకుండా, గాలికి కదిలే బట్టతో చూపించారు. బట్ట మడతలు ఒంటి వంపును అనుసరిస్తూ ఒకే దిక్కుకు పారతాయి. నేర్చుకునేవాళ్ళు మడతల్ని ఒక్కోటిగా గీస్తే చీర చెక్కలా బిగుసుకుంటుంది. ముందు ఒంటి వంపును ఒక్క గీతగా పట్టుకుని, మడతలన్నీ ఆ గీత నుంచే చీలేలా వేయాలి.

వపా రంగు గురించి ఒక జాగ్రత్త. పాత ముఖచిత్రం చూసి ఆయన రంగులు వెచ్చగా, పసుపు తిరిగినట్టు ఉంటాయని అనుకోకూడదు. ఆనాటి ఎరుపు, నీలం ఇంకులు కలిస్తే స్వచ్ఛమైన ఊదా వచ్చేది కాదు, మురికి ఊదా వచ్చేది. పైగా కాగితం ఏళ్ళ తరబడి పండి పసుపెక్కింది. ముందు పత్రిక అంచున అచ్చుపడని చోటు చూడాలి. అది ఇప్పుడు ఎంత పసుపుగా ఉందో అంత పసుపును బొమ్మ మొత్తం నుంచి మనసులో తీసేస్తే అసలు రంగుకు కొంత దగ్గరవుతాం.

నీటిరంగుకే మరో దారి కావాలంటే రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు (1897–1925) చిత్రశాలకు వెళ్ళాలి. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రతిభ గుర్తించి బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపిన ఈ చిత్రకారుడు ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే పోయారు. ఆ కాలంలో బెంగాల్ చిత్రకారులు కాగితాన్ని పదేపదే నీటితో తడిపి రంగును పొగమంచులా చేసేవారు. రామారావు బొమ్మల్లో ఆ మసక తక్కువ. బొంబాయిలో నేర్చిన శరీర నిర్మాణం గట్టిగా ఉంటుంది, దాని మీద గీత పాటలా సాగుతుంది, మనుషులు గుంపుగా ఉన్నా ఒక్కో చెయ్యి వంపు పక్కవాళ్ళ చెయ్యి వంపును అందుకుంటుంది. అచ్చు కోసం కాకుండా ఎదురుగా నిలబడి చూడటానికి వేసిన బొమ్మల్లో సన్న తేడాలు ఎంత దూరం పోగలవో అక్కడ తెలుస్తుంది. పుస్తకాల్లో వేసిన చిన్న ప్రతులు చూసి రామారావును అంచనా వేయడం న్యాయం కాదు.

చందమామ: ఒక బొమ్మ, ఎన్నో భాషలు

1947 జూలైలో తెలుగు, తమిళాల్లో మొదలైన 'చందమామ' తర్వాత దేశంలోని చాలా భాషలకు పాకింది. బొమ్మలు ఒకటే, పక్కన వచనం మారేది. ఈ ఒక్క షరతు చిత్రకారుడి మీద ఎంత భారం పెట్టిందో ఆలోచించాలి. అంగడి మీద పేరు రాయడానికి వీల్లేదు, ఉత్తరంలో అక్షరాలు కనిపించకూడదు. ఒక ప్రాంతపు కట్టుబొట్టు మరీ గట్టిగా కనబడితే ఇంకో ప్రాంతపు పిల్లలకు పరాయిదవుతుంది. కథ చదవకముందే బొమ్మ చూసి ఎవరు రాజో, ఎవరు దొంగో, ఎవరు అబద్ధం చెబుతున్నారో తెలియాలి. చందమామ బొమ్మల్లో చేతులు అంత స్పష్టంగా మాట్లాడటానికి కారణం ఇదే.

శంకర్‌గా తెలిసిన కె.సి. శివశంకరన్ (1924–2020) మద్రాసు ఆర్ట్స్ కాలేజీలో చదువుకున్నారు. 2021లో మరణానంతరం పద్మశ్రీ వచ్చింది. ఆయన బాపుకు పూర్తిగా ఎదురు ఒడ్డున ఉన్న చిత్రకారుడు. ఖాళీ వదలరు. స్తంభానికి శిల్పం, శిల్పానికి నగ, నగకు నీడ. అయినా అచ్చులో పూడిపోదు. గీతలు ఎన్ని ఉన్నా ఒకదాన్నొకటి నరుక్కోకుండా ఒకే దిక్కుకు, ఆకారం వంపు వెంట పోతాయి. మధ్య తెలుపు సమానంగా ఉంటుంది. అడ్డం నిలువు గళ్ళు పడితే మూలల్లో ఇంకు నిలుస్తుంది, ఒకే వరస గీతల్లో నిలిచే చోటు లేదు. లోతును కూడా మసకతో కాకుండా గీత మందంతో చూపించారు. ముందున్న మనిషికి లావు గీత, వెనక కోటగోడకు సన్న గీత. విక్రమార్కుడి బొమ్మలో రాజు నడక ముందుకు, శవం బరువు వెనక్కి, చెట్టుకొమ్మలు కిందికి లాగుతుంటాయి. అంత గందరగోళంలోనూ రాజు వీపు ఒక్కటే నిటారు గీత, కన్ను అక్కడే నిలుస్తుంది.

శంకర్ కంటే ముందే వచ్చిన 'చిత్ర', అసలు పేరు టి.వి. రాఘవన్, అద్భుత ధారావాహికల రాక్షసుల్నీ, పేరులేని దేశాల సైనికుల్నీ గీశారు. ఆయన మనుషుల ముఖాల్లో అమాయకత్వం ఉంటుంది, గీత గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. ఎక్కడా లేని దేశానికి ఒక తలపాగా, ఒక డాలు, ఒక పడవ ముక్కు కనిపెట్టి కథ మొత్తం వాటినే మార్చకుండా వాడటం వల్ల ఆ దేశం నిజమైపోయేది. ఎం.టి.వి. ఆచార్య మహాభారతపు ముఖచిత్రాలు కండలు తిరిగిన వీరులతో నాటకరంగం గాంభీర్యాన్ని తెచ్చాయి.

అచ్చుతో పనిలేని చోట

ఇదంతా అచ్చు పెట్టిన హద్దుల సంగతి. తెలంగాణలో మరో రకం హద్దు నుంచి మరో శైలి పుట్టింది. చేర్యాల నకాషీ పటం చుట్టి మోసుకెళ్ళి కథ చెప్పడానికి వేసేది. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల అంబలి, బంక కలిపిన పూత మూడుసార్లు పూసి, ప్రతిసారీ ఆరబెట్టి నేల తయారుచేస్తారు. పూత మందమైతే పటం చుట్టగానే పెళుసుగా చిట్లుతుంది. పలచనైతే రంగు గుడ్డలోకి ఇంకి అంచు చెదురుతుంది. చుట్టే గుడ్డ మీద రంగు పలచగా, చదునుగా ఉండక తప్పదు. ఎర్రటి నేల, దాని మీద వరసగా మనుషులు, పక్క చూపు ముఖాలు, గుంపులో దూరంగా కూర్చున్నవాళ్ళకూ తెలిసేంత గట్టి అంచులు.

సిద్దిపేట చిత్రకారుడు కాపు రాజయ్య (1925–2012) ఈ చదును రంగును బోనాలకూ బతుకమ్మకూ తెచ్చారు. 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టి బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర చదివిన తోట వైకుంఠం కాన్వాసు మీద ఆక్రిలిక్‌తో వేస్తారు. పటం చుట్టే అవసరం ఆయనకు లేదు. అయినా లోతును తీసేసి, మనిషిని ఫ్రేము నిండా కూర్చోబెట్టి, నల్లని ఒంటి మీద రూపాయంత బొట్టు, ఎరుపు, కాషాయం, పసుపు చీరలు దాదాపు కలపకుండా పెడతారు. ఆ నల్లని ఒళ్ళు బాపు బొమ్మలో నల్లని జడ చేసే పనే చేస్తుంది: చుట్టూ ఉన్న రంగుల్ని నిలబెడుతుంది. వైకుంఠం స్త్రీలను అనుకరించేవాళ్ళు బొట్టు పెద్దదిగా పెట్టి ఒంటిరంగు లేతగా వేస్తారు. ఆ పూటకే బొమ్మ క్యాలెండరవుతుంది.

పాత సంచికల్ని స్కాన్ చేసేవాళ్ళకు

ఈ శైలుల్ని చదవాలంటే మిగిలింది పాత పత్రికలే. న్యూస్‌ప్రింట్‌లో ఆమ్లం ఉంటుంది కనుక కాగితం తనను తానే కాల్చుకుంటుంది, అంచులు అప్పడంలా విరుగుతాయి. ఆలస్యం చేస్తే స్కాన్ చేయడానికి ఏమీ మిగలదు. లైన్ బొమ్మను 600 డీపీఐకి (అంగుళానికి 600 చుక్కలకు) తగ్గకుండా, బూడిద ఛాయలు కూడా పట్టే గ్రేస్కేల్‌లోనే తీయాలి. నేరుగా నలుపు తెలుపు మోడ్‌లో తీస్తే బాపు తెంపిన గీతలను యంత్రం మరింత తెంపుతుంది, శంకర్ సన్న గీతలను కలిపేస్తుంది. వెనక పేజీ అక్షరాలు ముందుకు కనబడుతుంటే కింద తెల్ల కాగితం కాకుండా నల్ల కాగితం పెట్టాలి. ముఖచిత్రం విషయంలో హాఫ్‌టోన్ చుక్కలు స్కానరు గళ్ళతో చిక్కుపడి అలలు తేలతాయి. స్కానరులో చుక్కల్ని నున్నగా కలిపేసే డీస్క్రీన్ వాడితే అలలు పోతాయి, దాంతోపాటే కంటి అంచూ పోతుంది. పెద్ద కొలతలో చుక్కలతో సహా ఒక ప్రతి భద్రపరచి, నున్నటి ప్రతిని దాని నుంచి విడిగా చేసుకోవాలి. జేపెగ్ మాత్రమే దాస్తే చుక్కల చుట్టూ మరకలు చేరతాయి కాబట్టి మూల ప్రతి టిఫ్‌లో ఉండాలి. పక్కన సెంటీమీటర్ల స్కేలు పెట్టి తీస్తే అచ్చు కొలత ఎప్పటికీ తెలుస్తుంది.

అట్ట మీద గీసిన అసలు బొమ్మే దొరికే అదృష్టం ఎవరికైనా పడితే, దాని తెల్ల అతుకుల్ని శుభ్రం చేయకూడదు, నీలం పెన్సిలును చెరపకూడదు. అట్ట వెనకవైపూ స్కాన్ చేయాలి. ఏ సంచికకో, ఎన్ని అంగుళాలకు తగ్గించాలో, బ్లాకు మేకరుకు పెన్సిలుతో రాసిన గుర్తులు ఉంటే అక్కడే ఉంటాయి.